తర్వాత పాతిన బోర్డు

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. పన్నెండేళ్లుగా నేనొక ఇనుప బోర్డును మోస్తున్నాను. నిజానికి అది పెద్ద బరువేమీ కాదు. ఆ రోజు దాన్ని ఒక్క చేత్తో పట్టుకుని సైకిలు తొక్కాను. గుంత తవ్వి పాతి, మట్టి దిమ్మిస కొట్టి, చేతులు కడుక్కుని వచ్చేశాను. బోర్డు అక్కడే ఉండిపోయింది. బరువు మాత్రం నాతో వచ్చింది.

నా పేరు రాయను. పిరికితనం అనుకోండి, అవును. కానీ ఇది చదివిన మా కాలనీవాళ్ళకు నేనెవరో రెండో పేజీ తిప్పక ముందే తెలిసిపోతుంది. తెలియాలనే రాస్తున్నాను.

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టాను. మా తాత శ్రీకాకుళం జిల్లా నుంచి పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌లో గునపం పట్టుకోవడానికి వచ్చాడు. మా నాన్న ఆ గ్యాంగ్‌కే మేట్ అయ్యాడు, అంటే కూలీల మీద మేస్త్రీ. నేను చదువుకుని ట్రాక్ సూపర్‌వైజర్‌నయ్యాను. మూడు తరాలుగా మా ఇంట్లో పట్టాల మాట తప్ప వేరే మాట తక్కువ. మా నాన్న నాకు నేర్పిన మొదటి పని పట్టా బిగించడం కాదు, కాషన్ బోర్డు, అంటే హెచ్చరిక బోర్డు, పెట్టడం. పట్టా విప్పే ముందు, వచ్చే బండికి కనిపించేంత దూరంలో బోర్డు పాతాలి. బోర్డు నిలబెట్టకుండా గునపం ముట్టుకున్నవాణ్ణి ఆయన గ్యాంగ్‌లో ఉండనిచ్చేవాడు కాదు. ప్రమాదం జరిగాక పరుగెత్తుకెళ్ళి బోర్డు పాతేవాళ్ళు ఉంటారని కూడా ఆయనే చెప్పాడు. అలాంటివాళ్ళ పేరు ఎత్తితే ఆయన నేల మీద ఉమ్మేవాడు. ఆయన పోయి ఇరవై ఏళ్ళు. నేను చేసిన పని ఆయన చూడలేదు. అది నాకు ఊరటా? ఇన్నేళ్ళూ అదే ఊరట అనుకున్నాను.

మా కాలనీ వెనక ఒక పెద్ద నీటి మడుగు ఉంది. బెంగాలీల మాటే మాకూ అలవాటై ఝీల్ అంటాం. చుట్టూ ఎర్ర మొరం నేల, సాల చెట్లు, అక్కడక్కడా నీలగిరి. ఒడ్డు వెంట జనం నడిచి నడిచి పడిన కాలిబాట ఒకటి. ఒక చుట్టు తిరగడానికి అరగంట పడుతుంది. మా కాలనీ సంఘం ఆ బాటను మంచి నడక దారిగా చేయాలనుకుంది. కర్రలు పట్టుకున్న ముసలివాళ్ళు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు కూడా తిరిగేలా చేయాలని మీటింగులో పట్టుబట్టింది ఒక్క మనిషి. రత్నం అప్ప.

మా వైపు అక్కను అప్ప అంటాం. ఆవిడ నా సొంత అక్క కాదు, నా చిన్ననాటి స్నేహితుడు అప్పారావుకు అక్క. పసితనంలోనే పోలియో వచ్చింది. చంకల కింద కర్రలతో బడికి వెళ్ళింది. ఆ కర్రలతోనే ఉద్యోగానికీ వెళ్ళింది. రైల్వే టెలిఫోన్ ఎక్స్చేంజ్‌లో ఆపరేటరు. నలభై దాటాక భుజాలు అరిగిపోయి కుర్చీలోకి వచ్చింది. రెండు చేతులతో చక్రాలు తిప్పుకుంటూ క్వార్టర్ నుంచి ఎక్స్చేంజ్‌కు ఒక్కతే వెళ్ళేది. వెనక నుంచి ఎవరైనా సాయానికి నెట్టబోతే ఊరుకునేది కాదు. "దిగు. నా బండికి డ్రైవర్ నానే" అనేది. నవ్వుతూనే అనేది, కానీ చేయి తీసేదాకా కదిలేది కాదు.

చిన్నప్పుడు అప్పారావూ నేనూ ఝీల్ చుట్టూ పరుగు పందెం వేసుకునేవాళ్ళం. అప్ప ఇటు ఒడ్డున కూర్చుని ఎవరు ముందొచ్చారో చెప్పేది. అటు ఒడ్డుకు ఆవిడ ఎప్పుడూ వెళ్ళలేదు. కర్రలతో ఆ గట్టు ఎక్కి దిగడం కుదరదు. అటువైపు నుంచి మన క్వార్టర్లు ఎలా కనిపిస్తాయో చూడాలని ఆవిడకు ఎంత కోరికో మీటింగులో ఆ రోజు చెబితేనే నాకు తెలిసింది. యాభై ఏళ్ళకు దగ్గరపడిన మనిషి ఆ మాట చెబుతుంటే ఎవరూ నవ్వలేదు.

దారి పని నాకు అప్పగించారు. వాలు కొలవడం, మట్టి దిమ్మిస కొట్టడం నాకు వచ్చిన పనే కదా. చక్రాల కుర్చీ వాలు ఎక్కాలంటే అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉండాలి. అంతకంటే నిటారుగా ఉంటే ఎక్కేటప్పుడు చేతుల బలం చాలదు, దిగేటప్పుడు కుర్చీ ఆగదు. అది నాకు తెలుసు. తెలియక చేసిన తప్పు కాదిది. ముందే చెబుతున్నాను.

మొదలు నుంచి పంప్ హౌస్ దాకా సిమెంటు బిళ్ళలు పరిచి చక్కగా చేశాను. పంప్ హౌస్ దాటాక దారి గట్టు ఎక్కి తూము దగ్గర ఒక్కసారిగా కిందికి దిగుతుంది, మళ్ళీ లేస్తుంది. అక్కడ మట్టి పోసి వాలు తగ్గించాలి. ఈలోగా వానలు పట్టుకున్నాయి. పోసిన మట్టి పోసినట్టే జారిపోయింది. ప్రారంభానికి రావాల్సిన పెద్దాయనకు మాత్రం తేదీ ఇచ్చేశారు.

అప్పుడు నేనేం చేశాను? రైల్వేలో పెద్ద ఆఫీసరు ఇన్‌స్పెక్షన్‌కు వస్తే మేం చేసేదే చేశాను. ఈ పెద్దాయన ఎంత దూరం నడుస్తాడో కనుక్కున్నాను. పంప్ హౌస్ దాకా అన్నారు. అంతవరకు రాళ్ళకు సున్నం కొట్టించాను, చెట్ల మొదళ్ళకు జేగురు రంగు పూయించాను. పంప్ హౌస్ దగ్గర మలుపు ఉంది, దాని వెనక ఏముందో కనిపించదు. ఇందులో నాకు తప్పేమీ కనిపించలేదు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి చేస్తున్నదే. చూసే కంటికి ఎంత కనిపిస్తుందో అంతే పని. మిగతాది తర్వాత. మా అందరికీ ఇది ఎంత మామూలంటే, అది మోసం అనే మాట కూడా మా నోట రాదు.

దారి మొదట్లోనే పెద్ద బోర్డు ఒకటి పెట్టించాను. మూడు భాషల్లో, చక్రాల కుర్చీ బొమ్మతో. ఝీల్ చుట్టూ తిరిగి రావచ్చు అని.

ప్రారంభం రోజు రత్నం అప్ప చేతే రిబ్బను కత్తిరించారు. ఆవిడ కుర్చీ ముందు, మేమంతా వెనక. పంప్ హౌస్ దగ్గర ఆ పెద్దాయన ఆగి, "పూరా చక్కర్ లగ్‌తా హై?" అని, చుట్టూ పూర్తిగా తిరగొచ్చా అని నన్నడిగాడు. "జీ సార్, పూరా" అన్నాను. చుట్టూ చప్పట్లు. అందరూ టీల దగ్గరకు మళ్ళాక అప్ప కుర్చీ నా దగ్గరగా తిప్పుకుని అడిగింది, తూము దగ్గర కూడా వెళ్ళొచ్చా అని. తను ఒక్కతే వెళ్ళొచ్చా అని. వెళ్ళొచ్చప్పా అన్నాను.

ఎందుకన్నాను? ఆ పెద్దాయన ఇంకా నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. ఆయనతో ఒకటి చెప్పి ఈవిడతో ఇంకొకటి ఎలా చెబుతాను? పది రోజుల్లో తూము పని అయిపోతుంది, ఈలోగా ఈవిడ ఎక్కడికి వెళ్తుందిలే అనుకున్నాను. మరునాడు వెళ్ళి చెబుదామనుకున్నాను. మరునాడు డ్యూటీ. ఆ మరునాడు కూడా.

నాలుగో రోజు ఆవిడకు వారపు సెలవు. పొద్దున పదింటికి ఒక్కతే బయల్దేరింది. పంప్ హౌస్ మలుపు తిరిగింది. గట్టు ఎక్కింది. తూము వాలులో కుర్చీ ఆగలేదు. తడి మొరం మీద జారి, పక్కకు తిరగబడి, ఆవిడ నీటి అంచున రాళ్ళ మీద పడింది. ఎడమ మణికట్టు, మోచేయి విరిగాయి. చేపలు పట్టుకునే హారాధన్ దాదా దూరం నుంచి కుర్చీ చక్రం చూసి పరుగెత్తుకొచ్చే వరకు ఆవిడ అక్కడే ఉంది. ఎంతసేపో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. మోకాళ్ళ దాకా నీళ్ళలో ఉన్నదని మాత్రం ఆయన చెప్పాడు.

అప్పారావు యార్డుకు ఫోన్ చేశాడు. "ఒరే, అప్ప పడిపోనాదిరా, తూము కాడ. చెయ్యి ఇరిగిపోనాది. ఆస్పత్రికి రా." వస్తున్నానని చెప్పి సైకిలెక్కాను. పూరీ గేట్ దగ్గర ఎడమకు తిరిగితే ఆస్పత్రి. నేను కుడికి తిరిగాను.

మీకు చెప్పాల్సింది ఇదే. దీనికి ముందు జరిగినదానికి అశ్రద్ధ అని, మొహమాటం అని ఏదో ఒక పేరు పెట్టుకోవచ్చు. ఇక్కడి నుంచి ఏ పేరూ సరిపోదు.

సంఘం షెడ్డులో పాత సామాను ఉంటుంది. అందులో ఎప్పటిదో తుప్పు పట్టిన ఇనుప బోర్డు ఒకటి, గొట్టంతో సహా. దాని మీద పసుపు రంగు వేశాను. ఆరే వరకు పక్కన కూర్చున్నాను. నా సంచిలో అక్షరాల అచ్చులు ఉంటాయి. వాటితో మూడు భాషల్లో రాశాను. చక్రాల కుర్చీలు ఇక్కడితో ఆగాలి, ముందు ప్రమాదం. రాసిన తర్వాత గుప్పెడు ఎర్రమట్టి తడిపి అక్షరాల మీద రుద్దాను, కొత్తగా కనిపించకుండా. పంప్ హౌస్ మలుపు తిరగ్గానే, ప్రారంభం రోజు ఎవరి కంటా పడని చోట, గుంత తవ్వి పాతాను. గునపం మొనతో మొదలు చుట్టూ మొరం కూరాను. పైన ఎండుటాకులు చల్లాను. మంచి పనివాణ్ణి నేను. నిన్నమొన్న పాతిన బోర్డులా లేదు. వానాకాలం మొదలైనప్పటి నుంచీ అక్కడే ఉన్నట్టుంది.

అందరూ ఆస్పత్రిలో ఉన్నారు. ఎవరూ చూడలేదు.

ఆ పని చేస్తున్నంతసేపూ నాకు అప్ప గుర్తు రాలేదు. ఇది నమ్మండి. చెయ్యి విరిగిందన్న మాట గుర్తుంది, కానీ ఎవరి చెయ్యో ఆ గంటసేపు నా మనసులో లేదు. నా మనసులో ఉన్నదల్లా "జీ సార్, పూరా" అన్న నా గొంతే. మనిషి అంత తేలికగా మనిషిని మరిచిపోగలడా? పోగలడు. నేను చూశాను, లోపలి నుంచి.

మూడో రోజు ఆస్పత్రికి వెళ్ళాను. ఎడమ చెయ్యి భుజం దాకా పిండికట్టు. ఆవిడ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. అప్పారావు టీ తేవడానికి వెళ్ళాడు. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"ఒరే, ఒక సంగతి అడుగుతాను. నిజం సెప్పాల."

"అడుగప్పా."

"పంప్ హౌస్ కాడ బోర్డున్నాదంట కదా. ఆగమని రాసున్నాదంట. మా తమ్ముడు ఎల్లి సూసొచ్చి నన్ను తిట్టినాడు."

నేను స్టూలు కాస్త వెనక్కి జరుపుకున్నాను.

"నాకు ఏ బోర్డూ కనబడలేదురా. ఆ మలుపు కాడ ఆగినాను కూడాను. సేతులు నొప్పెట్టి ఆగినాను. సుట్టూ సూసినాను. ఒక తొండ ఉన్నాది రాయి మీద, దాన్ని కూడా సూసినాను. బోర్డు లేదు." అని నా ముఖంలోకి చూసింది. "ఉన్నాదేటి?"

"ఉన్నాదప్పా."

"ఎప్పుడు పెట్టినావు?"

"మొదట్నుంచీ ఉన్నాది. పెద్దబోర్డు పెట్టిన దినమే అదీ పెట్టినాను."

"మరి సుట్టూ తిరిగిరావొచ్చని సెప్పినావు కదేటి నాతోటి?"

"తూము పని అయినాక అని సెప్పినాను. నువ్వు సరిగ్గా ఇన్నట్టు లేదు. అప్పుడు అందరూ మాటాడేస్తన్నారు కదా."

నేను లేవబోతున్నాను. అప్పుడంది, నా మీద ఏ అనుమానమూ లేకుండా, నన్ను ఊరడిస్తున్నట్టుగా అంది:

"నువ్వు బోర్డులోడివి కదరా. నీ బాబు కూడా అంతే. నువ్వు ఉన్నాదంటే ఉండే ఉంటాదిలే. నా కల్లే నన్ను మోసం సేసినాయి."

అప్పారావు టీ తెచ్చాడు. తాగాను.

ఆ తర్వాత సంఘం మీటింగు పెట్టారు. ఏం జరిగిందో తేల్చాలని. హారాధన్ దాదాను పిలిచారు. ఆయన లుంగీ సర్దుకుంటూ నిలబడి, "బోర్డ్ తో ఛిలో నా" అన్నాడు. బోర్డు లేదు కదా, అని. రోజూ ఆ మలుపు మీదుగానే తన వల భుజాన వేసుకుని వెళ్ళే మనిషి. అందరూ నా వైపు తిరిగారు. అప్పుడు నేను నవ్వుతూ అన్నాను, "దాదాకు చదవడం రాదు. చదవడం రానివాడికి బోర్డూ ఒకటే, చెట్టూ ఒకటే." అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. తనను చూసి నవ్వుతున్నారని తెలిసి, ఏం చేయాలో తోచక నవ్వే నవ్వు. మళ్ళీ నోరు విప్పలేదు.

హెచ్చరిక బోర్డును గమనించకపోవడం వల్ల ప్రమాదం జరిగిందని పుస్తకంలో రాసుకున్నారు. ఇక ఇలాంటివి జరగకుండా దారి మొదట్లో పాత పట్టా ముక్కలు అడ్డదిడ్డంగా పాతించారు. లెవెల్ క్రాసింగ్ దగ్గర మనుషులు వంకరగా దూరి పోయే సందు ఉంటుంది కదా, అలాంటిది. మనిషి పోగలడు, కుర్చీ పోలేదు. దాన్ని పాతింది కూడా నేనే. ఎదుటి పెద్ద బోర్డు మీద చక్రాల కుర్చీ బొమ్మను రంగుతో మూసేసిందీ నేనే. తూము దగ్గర వాలు మాత్రం అలాగే ఉంది. ఇక ఎవరి కోసం సరిచేయాలి?

చెయ్యి అతుక్కుంది కానీ బలం రాలేదు. అయినా చెయ్యి గురించి కాదు నేను చెప్పేది.

రత్నం అప్ప కళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళింది. కళ్ళు బాగానే ఉన్నాయన్నాడు. నమ్మక ఇంకో డాక్టరు దగ్గరకు వెళ్ళింది. ఆయన కళ్ళజోడు రాసిచ్చాడు. అది పెట్టుకున్నా ఆవిడకు ధైర్యం రాలేదు. కళ్ళు కాదు, తలలోనే ఏదో లోపం ఉందనుకోవడం మొదలుపెట్టింది. గ్యాస్ కట్టేశానా అని నాలుగుసార్లు అడిగేది. మాత్ర వేసుకున్నానా అని తమ్ముణ్ణి అడిగేది. వేసుకున్నావంటే, నువ్వు చూశావా అని అడిగేది. ఎక్స్చేంజ్‌లో ఒక కాల్ ఒకరికి బదులు ఇంకొకరికి కలుపుతానేమోనని భయం. ఎప్పుడూ కలపలేదు. అక్కడి ఇన్‌చార్జి మాత్రం, "బోర్డే చూడలేనివాళ్ళు" అని ఒకసారి అన్నాడట. నాలుగేళ్ళ సర్వీసు ఉండగానే ఉద్యోగం మానేసింది. మేనల్లుడు బ్యాటరీతో నడిచే కుర్చీ కొనిచ్చాడు. అందులో వరండా దాటలేదు. ఎవరైనా వెనక నిలబడి నెడితే తప్ప గుమ్మం దిగేది కాదు. నా బండికి డ్రైవర్ నానే అన్న మనిషి.

ఇదంతా నేను చూస్తూనే ఉన్నాను. పండగలకు వాళ్ళింటికి వెళ్తూనే ఉన్నాను. ఆవిడ చేతి కాఫీ తాగుతూ, "ఇందులో పంచదార ఏసినానేటి?" అని ఆవిడ అడిగితే, "ఏసినావప్పా" అని చెబుతూనే ఉన్నాను. ఎన్నోసార్లు చెబుదామని వెళ్ళాను. ఇప్పుడు చెబితే ఆవిడకు ఇంకా బాధ అని తిరిగొచ్చాను. ఎంత దయగలవాణ్ణో చూడండి. ఆవిడ బాధ గురించి అంత ఆలోచించినవాణ్ణి.

ఇప్పుడెందుకు నోరు విప్పాను? మంచితనం పుట్టుకొచ్చి కాదు. కిందటి నెల ఇంజనీరింగ్ చదివే ఒక అమ్మాయి వచ్చింది. వరంగల్ వైపు అమ్మాయి, పేరు కీర్తన. ఝీల్ చుట్టూ దారిని చక్రాల కుర్చీలు పోయేలా మళ్ళీ కట్టడానికి సంఘం ఒప్పుకుంది. ఆ పిల్ల వాలులన్నీ కొలిచి నివేదిక రాసింది. తెలుగువాణ్ణి, పాత పని చేసినవాణ్ణి అని నా దగ్గరకు తెచ్చింది. "అంకుల్, ఒకసారి చూస్తరా? తప్పులుంటే చెప్పుండ్రి" అంది.

బాగా రాసింది. తూము వాలు నా కొలతకు అంగుళం తేడా లేకుండా కొలిచింది. చివరి పేజీలో ఒక వాక్యం ఉంది. గతంలో ఒక మహిళ హెచ్చరిక బోర్డును పట్టించుకోకుండా ముందుకు వెళ్ళి ప్రమాదానికి గురైనందున, చక్రాల కుర్చీలో వచ్చేవారిని తోడు లేకుండా ఈ దారిలోకి అనుమతించరాదు.

ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో. కొత్త దారి వస్తుంది. వాలు సరిగ్గా ఉంటుంది. కానీ ఎవరూ ఒంటరిగా వెళ్ళడానికి లేదు. రేపు పుట్టబోయే పిల్లలక్కూడా ఆ నియమం వర్తిస్తుంది. కారణం రత్నం అప్ప కళ్ళు. నేను పాతిన అబద్ధం ఒక మనిషిని వరండాలో కూర్చోబెట్టింది చాలక, ఇప్పుడు అందరికీ రూలు అవుతోంది.

"ఏమైంది అంకుల్? తప్పుందా?" అంది కీర్తన.

"ఉందమ్మా. రేపు చెబుతాను" అన్నాను.

మర్నాడు పొద్దున రత్నం అప్ప వరండాకు వెళ్ళాను. ఆవిడ చిక్కుళ్ళు తుంచుతోంది. నిలబడే చెప్పాను. సగం చెప్పేసరికి ఏడుపొచ్చింది. ఆపుకోలేకపోయాను. షెడ్డు, పసుపు రంగు, ఎర్రమట్టి, కీర్తన రాసిన వాక్యం, అన్నీ కలగాపులగంగా చెప్పాను. ఆవిడ చిక్కుళ్ళు తుంచడం ఆపలేదు. నేను ఆగాక, లోపలికి చూసి కేకేసింది. "అప్పారావూ, ఇలగ రా." వాడు వచ్చాక నాతో అంది, "ఈడికి సెప్పు. నా ముందర సెప్పు."

చెప్పాను. అప్పారావు నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. వాడు గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. "నానేటన్నాను దీన్ని, తెలుసా?" అన్నాడు. "కల్లు నెత్తికెక్కినాయేటి అన్నాను. ఇరిగిన సెయ్యితో పడుకుంటే, కల్లు నెత్తికెక్కినాయేటి అన్నాను. ఇంట్లో ఉన్నోలమంతా కలిసి దీన్ని గుడ్డిదాన్ని సేసీసినాం కదరా."

అప్ప చిక్కుళ్ళ గిన్నె పక్కన పెట్టి, "ఎక్స్చేంజ్ ఇన్‌చార్జికి సెప్పాల. సంఘపోల్లకి సెప్పాల. ఆ పుస్తకంలో రాయాల. ఆ ఇంజినీరింగు సదువుతున్న గుంటకి సెప్పాల. హారాధన్ దాదాకి సెప్పాల" అంది. "దాదా పోయినాడు కదప్పా" అన్నాను. "ఆడి పెల్లాం ఉన్నాది కదా" అంది.

ఒక్కొక్కరికీ చెప్పాను. ఇన్‌చార్జి రిటైరై విజయనగరంలో ఉన్నాడు, ఫోనులో విని, నేనెప్పుడన్నానండీ అలా, అన్నాడు. సంఘం పుస్తకంలో నా చేత్తోనే రాసి సంతకం పెట్టాను. గదిలో ఉన్నవాళ్ళలో ఒకాయన, పాత సంగతి ఇప్పుడెందుకు తవ్వుకోవడం, అన్నాడు. ఇప్పుడు తవ్వుతున్నది కాదు, అప్పుడు నేను తవ్వి పాతింది, అన్నాను. కీర్తన నా ముందే ఆ వాక్యం కొట్టేసింది. నన్ను అంకుల్ అని పిలవలేదు ఆ తర్వాత. ఏమీ పిలవలేదు.

హారాధన్ దాదా భార్య ఇందా బజారు వెనక సందులో ఉంటుంది. నాకొచ్చిన బెంగాలీలో చెప్పాను. మీ ఆయన చెప్పిందే నిజం, నేనే అబద్ధం చెప్పి ఆయన్ను నవ్వులపాలు చేశాను, అని. ఆవిడ అంది, ఆయన ఇంటికొచ్చి కూడా అదే చెప్పేవాడట, బోర్డు లేదు అని. చదువుకున్నవాళ్ళంతా ఉందంటుంటే నీకేం తెలుసని ఆవిడే కసిరిందట. అది చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వేయలేదు, మళ్ళీ రాలేదు.

ఆ మీటింగులో నాతో కలిసి నవ్వినవాళ్ళు చాలామంది. కొందరు పోయారు, కొందరు ఎక్కడెక్కడికో బదిలీ అయ్యారు. వాళ్ళందరినీ నేను పట్టుకోలేను. ఈ కాగితం వాళ్ళ కోసం కూడా. మీరు వాళ్ళలో ఒకరైతే, ఆ రోజు బోర్డు లేదు.

అన్నీ అయ్యాక నిన్న సాయంత్రం మళ్ళీ అప్ప దగ్గరకు వెళ్ళాను. ఎందుకు వెళ్ళాను? చెప్పిన పనంతా చేశానని చూపించుకోవడానికి. ఇంక చాలులే అంటుందేమోనన్న ఆశ నాలో లేదని అనను.

"అందరికీ సెప్పీసినావా?"

"సెప్పీసినానప్పా."

"నాకు సెప్పలేదు."

"నీకే కదప్పా మొదట సెప్పినాను."

"అప్పుడు నువ్వు ఏడిసినావు. నాను నీ ఏడుపే ఇన్నాను. సంగతి ఇనలేదు. కూకో. ఏడవకుండా సెప్పు."

కూర్చున్నాను. గొంతు సర్దుకున్నాను.

"బోర్డు లేదప్పా. నువ్వు పడిపోనాక నానే పాతినాను. నీ కల్లు బాగానే ఉన్నాయి. నువ్వు ఇన్నదీ నిజమే. ఎల్లొచ్చని నానే సెప్పినాను."

ఆవిడ పెదవులు కదిలాయి, లోపల ఒక్కొక్క మాటా సరిచూసుకుంటున్నట్టు. క్షమించానని అనలేదు. అనమని నేనూ అడగలేదు. అడిగే హక్కు నాకు లేదని ఆ క్షణాన ఎంత స్పష్టంగా తెలిసిందో, పన్నెండేళ్ళలో మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకోగలిగానని కూడా అంతే స్పష్టంగా తెలిసింది. ఆ ఊపిరికి కూడా సిగ్గుపడ్డాను.

"మల్లీ సెప్పు" అంది.

చెప్పాను.

"మల్లీ."